డీఎస్సీకి బట్టీ పట్టిన పియాజేని, క్లాసులోని డిజిటల్ బోర్డుని ఒకే పీరియడ్‌లో వాడుకోవడం ఎలా?

టీచరు ఉద్యోగం కోసం టెట్‌కో డీఎస్సీకో మనోవిజ్ఞానం చదివిన రోజులు గుర్తున్నాయా? థార్న్‌డైక్ పిల్లి, పావ్లోవ్ కుక్క, స్కిన్నర్ ఎలుక, కొహ్లర్ చింపాంజీ సుల్తాన్. ఏ జంతువు ఎవరిదో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. పియాజే, వైగాట్‌స్కీ ఇద్దరూ 1896లోనే పుట్టారన్న బిట్టు కూడా వదల్లేదు. ఉద్యోగం వచ్చాక ఆ పుస్తకాలు అటకెక్కాయి. తర్వాత కొన్నాళ్ళకు క్లాసులోకి పెద్ద తెర వచ్చింది. దాని మీద వీడియో పెడతాం, పిల్లలు కళ్ళప్పగించి చూస్తారు, బెల్లు కొడతారు. వారం తర్వాత అదే పాఠంలో ప్రశ్న అడిగితే కథ మళ్ళీ మొదటికే.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. అటక మీది పుస్తకానికీ గోడ మీది తెరకీ మధ్య దారి వేసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. చివరికి తేలింది ఒక్కటే. నేను వరస తప్పు పట్టుకున్నాను. ముందు తెర ఆన్ చేసి, తర్వాత దానికి తగ్గ పాఠం వెతుక్కునేవాణ్ణి. ముందు పిల్లవాడి బుర్రలో ఏముందో చూడాలి. అక్కడున్న ఇబ్బంది ఏ రకమో సిద్ధాంతం చెబుతుంది. పరికరం వంతు ఆఖర్న.

పదో తరగతి విద్యుత్ పాఠంలో శ్రేణి సంధానం (బల్బుల్ని ఒకదాని తర్వాత ఒకటి వరసగా కలపడం) అనే చిన్న భాగాన్ని తీసుకుని, ఈ వరసలో ఎలా చేయాలో చెబుతాను. మీ సబ్జెక్టు వేరైతే పాఠం మార్చుకోండి, వరస మాత్రం మార్చకండి.

1. పాఠాన్ని కాదు, ఒక చిక్కుని ఎంచుకోండి

లెసన్ ప్లాన్‌లో 'విద్యార్థులు శ్రేణి సంధానాన్ని అవగాహన చేసుకుంటారు' అని రాస్తాం. దాన్ని పట్టుకుని ఏ పనీ చేయలేం. దాని బదులు పాఠం మొదలుపెట్టడానికి ఒక రోజు ముందు, పీరియడ్ చివరి ఐదు నిమిషాల్లో బోర్డు మీద ఒక బొమ్మ గీయండి. ఒక బ్యాటరీ, దానికి వరసగా రెండు ఒకే రకం బల్బులు. బ్యాటరీ ప్లస్ వైపు ఉన్నది ఎ బల్బు, దాని తర్వాతది బి బల్బు. ఏది ఎక్కువగా వెలుగుతుంది? చిత్తు కాగితం మీద జవాబు, ఒక వాక్యంలో కారణం రాయమనండి. పేరు రాయొద్దని చెప్పండి. పేరు లేకపోతేనే నిజం రాస్తారు.

ఆ కాగితాలు ఇంటికి తీసుకెళ్ళి చదవండి. సగానికి సగం కాగితాల్లో 'ఎ బల్బు' అని ఉంటే ఆశ్చర్యపోకండి. కారణం అడిగితే ఒక కుర్రాడు నాతో అన్నమాట ఇది: "కాలువ మొదట్లో పొలాలకి నీళ్ళు బాగా వస్తాయి కదా సార్, చివరాఖరికి వచ్చేసరికి ఏముంటాయి?"

ఆ జవాబులో తెలివితక్కువతనం ఎక్కడా లేదు. చివరి ఆయకట్టు రైతు కష్టం ఇంట్లో చూసిన పిల్లవాడు వైర్లో కరెంటును కూడా ఆ లెక్కలోనే చూస్తున్నాడు. పై బల్బు తాగేయగా మిగిలిందే కింది బల్బుకి. పియాజే చెప్పిన స్కీమా, అంటే బుర్రలో ముందే ఉన్న చట్రం, ఇదే. కొత్త విషయాన్ని పాత చట్రంలో ఇరికించడం సాంశీకరణం. చట్రాన్నే మార్చుకోవడం అనుగుణ్యం. పరీక్షలో రెండు మార్కుల కోసం రాసిన ఆ రెండు మాటలకీ అర్థం నాకు ఆ కాలువ జవాబు వినేదాకా తెలియలేదు.

ఒక పీరియడ్‌కి ఇలాంటి చిక్కు ఒక్కటి చాలు. రెండో చిక్కు కనిపిస్తే రాసిపెట్టుకుని ఇంకో రోజు చూడండి.

2. చిక్కు ఏ రకమో తేల్చండి

సిద్ధాంతాలన్నీ ఒకే పాఠంలో వాడాలని ఎక్కడా లేదు. జ్వరానికి ఒక మందు, దెబ్బకి ఒక మందు ఉన్నట్టే ఇక్కడా.

పిల్లలకి ఒక తప్పు అభిప్రాయం బలంగా ఉందా? కాలువ జవాబు ఆ రకం. పియాజే దగ్గరికి వెళ్ళండి. ఆ అభిప్రాయం ప్రకారం ఏం జరగాలో వాళ్ళ నోటితోనే చెప్పించి, జరిగేది వేరే అని కళ్ళతో చూపించాలి. అర్థమైంది కానీ నిలవడం లేదా? అది ఎబ్బింగ్‌హాస్ చూపించిన విస్మృతి సమస్య. ఎంత బాగా మళ్ళీ చెప్పినా తీరదు, మళ్ళీ అడగాలి. చెబుతుంటేనే గందరగోళపడుతున్నారా? ఒకేసారి ఎక్కువ పోస్తున్నారు, తగ్గించాలి. కొందరికి వచ్చేసి కొందరికి అస్సలు రావడం లేదా? వైగాట్‌స్కీ: వచ్చినవాళ్ళ సాయంతో రానివాళ్ళు నేర్చుకోవడం. అసలు ప్రయత్నమే చేయడం లేదా, తప్పు చెబితే నవ్వుతారని భయమా? అప్పుడు స్కిన్నర్, బండూరా పనికొస్తారు. చిన్న మెట్లు వేయడం, వెంటనే ఒప్పో తప్పో తెలియడం, తోటివాడు చేస్తుంటే చూడడం.

ఒకటి మాత్రం వదిలేయండి. 'ఈ పిల్లవాడు చూసి నేర్చుకునే రకం, ఆ పిల్ల విని నేర్చుకునే రకం' అన్న విభజన. శిక్షణల్లో ఇప్పటికీ ఇది వినిపిస్తుంది. పిల్లల 'రకం' కనిపెట్టి దానికి తగ్గట్టు చెబితే ఎక్కువ నేర్చుకుంటారన్నదానికి గట్టి రుజువు లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం చేసిన సమీక్ష తేల్చింది. చూడాల్సిన విషయాన్ని అందరూ చూడాలి, వినాల్సినదాన్ని అందరూ వినాలి. అలాగే 'చదివితే 10 శాతం, చేస్తే 90 శాతం గుర్తుంటుంది' అనే చార్టు. ఎడ్గార్ డేల్ 1946లో గీసిన అనుభవాల శంఖువులో ఆ శాతాలు లేవు. ఎవరో తర్వాత అతికించారు. మన స్టాఫ్ రూముల్లో ఆ చార్టు ఉంటే దింపేయొచ్చు.

3. ముందు చేతికి, తర్వాత కంటికి, ఆఖర్న సూత్రానికి

బ్రూనర్ మూడు దశలు గుర్తు చేసుకోండి. క్రియాత్మక దశ, చిత్ర దశ, ప్రతీకాత్మక దశ. మనం మామూలుగా మూడోదాంతో మొదలుపెడతాం. బోర్డు మీద R = R₁ + R₂ రాసి, లెక్క చేసి, తీరిక ఉంటే బొమ్మ, ఇంకా తీరిక ఉంటే ప్రయోగం. తలకిందులు చేయండి.

కావలసిన సామాను: ఐదారుగురికి ఒక సెట్ చొప్పున రెండు 1.5 వోల్టుల సెల్లులు, రెండు టార్చి బల్బులు, నాలుగైదు వైరు ముక్కలు. సెల్లుల్ని పట్టి ఉంచడానికి పాత సైకిల్ ట్యూబు ముక్క కోస్తే చాలు. గోడలో ఉన్న సాకెట్ జోలికి ఎవరినీ వెళ్ళనివ్వకండి. ఈ మాట బోర్డు మీద రాసి మరీ మొదలుపెట్టండి.

రెండు జాగ్రత్తలు. ఈ రోజుల్లో షాపులో బల్బు అడిగితే ఎల్‌ఈడీ చేతిలో పెడతారు. అది ఒకవైపే కరెంటుని పోనిస్తుంది, తెల్లదైతే వెలగడానికే దాదాపు 3 వోల్టులు కావాలి. రెండు ఎల్‌ఈడీలు వరసగా పెట్టి రెండు సెల్లులు కలిపితే ఏమీ వెలగదు, పిల్లలు 'కరెంటు అయిపోయింది' అని తీర్మానిస్తారు. లోపల తీగ ఉన్న పాత రకం టార్చి బల్బే కావాలి, నాలుగు షాపులు తిరగాల్సి వచ్చినా సరే.

రెండోది నా సొంత నిర్వాకం. మొదటిసారి ఈ ప్రయోగం చేసినప్పుడు ఒకటి కొత్త బల్బు, ఒకటి బీరువాలో ఎప్పటినుంచో ఉన్నది. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. వెలిగించేసరికి ప్లస్ వైపు ఉన్నదే బాగా వెలిగింది! "చూశారా సార్, ఎ బల్బే!" అని క్లాసంతా ఒకటే గోల. తప్పు అభిప్రాయాన్ని నా చేతులతో నేనే రుజువు చేసి చూపించినట్టయింది. ఆ రోజు ఏదో సర్దిచెప్పి బయటపడ్డాను. ఎవరూ నమ్మలేదు, వాళ్ళ తప్పేం లేదు.

అప్పట్నుంచీ ఒక అడుగు కలిపాను. వెలుగులో తేడా కనిపిస్తే బల్బుల చోటు మార్చమనండి. ఎక్కువ వెలుగు బల్బుతో పాటే రెండో చోటికి వెళ్ళిపోతుంది. తేడా చోటుది కాదు, బల్బుదని పిల్లలే పట్టేస్తారు. నిజానికి సాఫీగా జరిగిన ప్రయోగం కంటే ఈ పొరపాటు ప్రయోగమే ఎక్కువ నేర్పుతుంది. ఇప్పుడు కావాలనే ఒక జట్టుకి జత కుదరని బల్బులు ఇస్తున్నాను.

వినాయక చవితి పందిరికి కట్టే పాత సీరియల్ సెట్టు ఒకటి దొరికితే తెచ్చి చూపించండి. ఒక బల్బు పీకితే వరసంతా ఎందుకు ఆరిపోతుందో, 'సీరియల్' అన్న పేరు ఎక్కడిదో అప్పుడు తెలుస్తుంది. ప్లగ్గు మాత్రం పెట్టొద్దు, వైరు దారి చూపిస్తే చాలు.

4. ఇప్పుడు పరికరం: మూడు ప్రశ్నలు

తెర ఆన్ చేసే ముందు మిమ్మల్ని మీరు అడగండి. చేతితో చేసి చూపించలేనిది ఏదైనా ఇది చూపిస్తుందా? పిల్లలు దీని ముందు ఆలోచిస్తారా, ఊరికే చూస్తారా? నెట్ పోయినా నడుస్తుందా? మూడింటికీ జవాబు బాగుంటేనే ఆన్ చేయండి.

మన పాఠంలో చేతితో చూపించలేనిది ఉంది: వైరు లోపల ఏం జరుగుతోందో. పైగా అచ్చంగా ఒకేలా ఉండే బల్బులు మన దగ్గర లేవు. సరిగ్గా ఇక్కడే తెర పనికొస్తుంది. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద చేసే ప్రయోగాలు) ఉచితం. 2001లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. అందులో సర్క్యూట్ కట్టుకునే కిట్ ఉంది. ఫైలును డౌన్‌లోడ్ చేసి పెన్ డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకుండా బ్రౌజర్‌లో నడుస్తుంది. మన డిజిటల్ బోర్డులో నడుస్తుందో లేదో ముందురోజు సాయంత్రమే చూసుకోండి. క్లాసులో నలభై మంది ముందు పాస్‌వర్డ్ వెతుక్కోవడం కంటే నరకం లేదు.

అందులో మామూలుగా బ్యాటరీ 9 వోల్టులు, బల్బు నిరోధం 10 ఓములు ఉంటుంది. ఒక బల్బు పెడితే కరెంటుని కొలిచే అమ్మీటర్ 0.9 ఆంపియర్లు చూపిస్తుంది. రెండో బల్బు వరసలో కలిపితే 0.45. ఇప్పుడు అసలు పని: అమ్మీటర్‌ని మొదటి బల్బు ముందు, రెండు బల్బుల మధ్య, రెండో బల్బు తర్వాత పెట్టి చూపించాలి. మూడు చోట్లా 0.45. కాలువ లెక్క ప్రకారమైతే తగ్గుతూ రావాలి, ఇక్కడ తగ్గలేదు. కుర్రాళ్ళ మొహాల్లో ఆ చిరాకు కనిపించినప్పుడు తొందరపడి వివరించకండి. ఒక నిమిషం అలా వదిలేయండి.

ఎలక్ట్రాన్లు కదిలేటట్టు చూపాలా, సంప్రదాయ దిశ (ప్లస్ నుంచి మైనస్‌కి) బాణాలు చూపాలా అని దానిలో మీట ఉంటుంది. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దాన్నే ఉంచండి. రెండూ చూపిస్తే ఇంకో కొత్త చిక్కు మొదలవుతుంది.

కరెంటు పాఠం రోజే కరెంటు పోవడం మనకి మామూలే కాబట్టి, ఆ మూడు రీడింగులతో ఒక చార్టు గీసి బీరువాలో పెట్టుకోండి.

దీక్ష అనే ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2017 సెప్టెంబర్ 5న మొదలైన ఆ వేదికలోని పాఠాలకి మన పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి. ఫోన్‌లో ముందే దింపుకోవచ్చు. వీడియో చూడకుండా మాత్రం క్లాసులో పెట్టకండి. పది నిమిషాల వీడియోలో మన చిక్కుకి పనికొచ్చేది ఒకటిన్నర నిమిషం ఉంటుంది. ఆ ఒకటిన్నర నిమిషమే చూపించండి.

5. వీడియో పెట్టినా నోరు ఒక్కరే విప్పాలి

జార్జ్ మిల్లర్ 1956లో మనిషి ఒకేసారి బుర్రలో పట్టి ఉంచగలిగేవి ఏడు, అటూ ఇటూగా రెండు అన్నాడు. తర్వాతి పరిశోధకులు దాన్ని నాలుగు దాకా దించారు. ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్ 1988 నుంచి బుర్ర మీద పడే ఈ భారం మీదే పనిచేశాడు. దీన్ని మన క్లాసుకి పెట్టి చూడండి. తెర మీద బొమ్మ కదులుతోంది, వీడియోలోని గొంతు ఇంగ్లిష్‌లో మాట్లాడుతోంది, అడుగున అవే మాటలు అక్షరాల్లో పరిగెడుతున్నాయి, పైనుంచి మనం తెలుగులో వివరిస్తున్నాం. నాలుగు పనులు ఒకేసారి. పిల్లవాడు ఏది వదిలేయాలి? తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఆలోచించడం వదిలేస్తాడు.

కాబట్టి గొంతు మ్యూట్ చేయండి. బొమ్మ తెరది, మాట మీది. పరిగెత్తే అక్షరాలు ఆపేసే వీలుంటే ఆపేయండి. స్లైడ్ మీద రాసిందాన్ని అక్షరం పొల్లుపోకుండా పైకి చదవడం కూడా ఈ కోవలోదే. మల్టీమీడియా మీద రిచర్డ్ మేయర్ చేసిన ప్రయోగాల్లో బొమ్మతో పాటు మాట ఉన్నప్పుడు, అదే మాట తెర మీద మళ్ళీ రాసి ఉంటే నేర్చుకోవడం తగ్గింది.

మన దగ్గర ఇంకో భారం కూడా ఉంది, మీడియం మార్పు. ఎదురెదురు పేజీల్లో రెండు భాషలున్న పుస్తకాలు వచ్చాయి కానీ పిల్లవాడి చూపు అటూ ఇటూ పరిగెడుతూనే ఉంటుంది. పాఠం మొదట్లోనే బోర్డు మూల నాలుగు మాటలు రెండు భాషల్లో రాసి పీరియడంతా చెరపకుండా ఉంచండి. నిరోధం, విద్యుత్ ప్రవాహం, పొటెన్షియల్ భేదం, శ్రేణి. నాలుగే. ఐదో మాట రేపు.

6. ఓటు వేయించండి, పక్కవాడితో వాదించమనండి

నాకు బాగా పనికొచ్చిన అడుగు ఇదే, అందుకని కొంచెం ఎక్కువ చెబుతాను.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్‌కి 1990ల మొదట్లో ఒక దెబ్బ తగిలింది. ఆయన విద్యార్థులు సర్క్యూట్ లెక్కలు గబగబా చేసేస్తున్నారు. అంకెలు లేకుండా 'ఈ స్విచ్ వేస్తే ఏ బల్బు వెలుగు పెరుగుతుంది' అని అడిగితే తడబడుతున్నారు. హార్వర్డ్‌లోనే అలా ఉంటే మనం సిగ్గుపడాల్సిన పనిలేదు. ఆయన చేసిన మార్పు చిన్నది: క్లాసు మధ్యలో ఒక ప్రశ్న, అందరూ ఎవరికి వాళ్ళు ఓటు, తర్వాత పక్కవాడితో రెండు నిమిషాలు వాదన, మళ్ళీ ఓటు.

మీరు ఇలా చేయండి. నాలుగు జవాబులున్న ప్రశ్న వేయండి. తప్పు జవాబులు మీరు కల్పించొద్దు, మొదటిరోజు చిత్తు కాగితాల్లోంచి తీసుకోండి. కాలువ జవాబు అందులో తప్పకుండా ఉండాలి. ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు. మూడు అనగానే అందరూ ఒకేసారి జవాబు చూపించాలి. చేతులెత్తమంటే మాత్రం ఫస్ట్ ర్యాంకు అమ్మాయి ఎప్పుడు ఎత్తుతుందో చూసి మిగతావాళ్ళు ఎత్తుతారు.

దేనితో చూపించాలి? పలకలుంటే పలక. లేకపోతే ఛాతీకి ఆనించి వేళ్ళు: ఒకటి, రెండు, మూడు, నాలుగు. మీ ఫోన్లో నెట్ ఉంటే ప్లికర్స్ వాడొచ్చు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో గళ్ళ బొమ్మ కాగితం ఇస్తారు, దాన్ని ఏ వైపు పైకి పెడితే అది జవాబు, మీ ఫోన్ కెమెరా క్లాసంతా ఒకసారి తిప్పితే లెక్క తేలుతుంది. పిల్లల దగ్గర ఏ పరికరం అక్కర్లేదు. కార్డులు తెల్ల కాగితం మీద ప్రింట్ తీసి అట్టకి అంటించండి. ల్యామినేషన్ చేయిస్తే వెలుతురు మెరిసి కెమెరాకి సరిగ్గా కనపడవు. ఈ విషయం డబ్బులు పెట్టాక నాకు తెలిసింది.

ఒప్పు చెప్పినవాళ్ళు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే వాదన పెట్టండి. 'నీకు వేరే జవాబు వచ్చినవాడిని వెతుక్కో, ఒప్పించు.' ఇంకా తక్కువైతే వాదనతో లాభం లేదు, ప్రయోగానికి తిరిగి వెళ్ళండి. ఎక్కువైతే ముందుకు సాగండి. మొదటి ఓటు తర్వాత ఏది ఒప్పో మీ మొహంలో కూడా కనిపించకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు, నేను ఇప్పటికీ నవ్వేస్తుంటాను.

గోల అవుతుంది. పక్క క్లాసు మేడంకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ఓటు వేయగానే ఫలితం తెలియడంలో ఒక పాత సంగతి ఉంది. 1953లో స్కిన్నర్ తన కూతురి లెక్కల క్లాసు చూడ్డానికి వెళ్ళాడు. పిల్లలు లెక్కలు చేస్తున్నారు, చేసింది ఒప్పో తప్పో వాళ్ళకి అప్పటికప్పుడు తెలియడం లేదు. అది చూసే ఆయన బోధన యంత్రం తయారు చేశాడు. ఇప్పటి క్విజ్ యాప్‌లన్నీ ఆ యంత్రానికి మనవలు. వాటిలో వాడుకోవాల్సింది ఆ వెంటనే తెలియడాన్నే. పాయింట్లు, బాణసంచా, లీడర్ బోర్డులు కాదు. లీడర్ బోర్డు పెట్టిన రోజు వెనక బెంచీ వాళ్ళు జవాబు నొక్కడం మానేశారు.

వాదన అయ్యాక అప్పుడు మీరు వివరించండి. కాలువ బదులు ఇంకో పోలిక కావాలి కదా, సైకిల్ చైను పనికొస్తుంది. పెడల్ తొక్కితే చైను అన్నిచోట్లా ఒకే వేగంతో కదులుతుంది. వెనక చక్రం దగ్గర చైను 'అయిపోదు'. చైను తిరిగి వస్తుంది, శ్రమ మాత్రం చక్రానికి అందుతుంది. ఏ పోలికైనా ఎక్కడో ఒకచోట తెగుతుంది, ఆ మాట కూడా పిల్లలకి చెప్పేయండి.

7. సెంట్రింగ్ పెట్టడం, తీయడం

వైగాట్‌స్కీ పేరుతో మనం చదువుకున్న స్కఫోల్డింగ్ (కావలసినంత సాయం చేసి, మెల్లగా తీసేయడం) అనే మాట నిజానికి ఆయనది కాదు. ఆయన 1934లోనే పోయాడు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు ఆ మాట వాడారు. ఇల్లు కట్టడం చూసిన ఎవరికైనా దాన్ని చెప్పడం తేలిక. స్లాబు కింద సెంట్రింగ్ కర్రలు పెడతాం. స్లాబు గట్టిపడకముందే తీస్తే కూలిపోతుంది, ఎప్పటికీ తీయకపోతే ఇంట్లో ఉండలేం. మనం ఎక్కువగా చేసే తప్పు రెండోది. ప్రతి లెక్కా బోర్డు మీద మనమే చేసేస్తాం.

లెక్కల దగ్గర ఇలా తీస్తూ రండి. 6 వోల్టుల బ్యాటరీ, 2 ఓములు, 4 ఓములు శ్రేణిలో. ఫలిత నిరోధం 6 ఓములు, ప్రవాహం 1 ఆంపియర్, ఒక్కోదాని మీద 2 వోల్టులు, 4 వోల్టులు. ఇది మీరు పూర్తిగా చేసి చూపించండి. రెండో లెక్క 12 వోల్టులు, 3 ఓములు, 1 ఓము. దీంట్లో 4 ఓములు, 3 ఆంపియర్లు దాకా రాసిచ్చి చివరి అడుగు ఖాళీ వదలండి. 9 వోల్టులు, 3 వోల్టులు వాళ్ళు నింపాలి. మూడో లెక్కలో ఫలిత నిరోధం మాత్రమే ఇవ్వండి. నాలుగో లెక్క ఒట్టి ప్రశ్నే.

జంటలు వేసేటప్పుడు క్లాసులో మొదటివాడినీ చివరివాడినీ పక్కపక్కన కూర్చోబెట్టకండి. మొదటివాడు జవాబు చెప్పేస్తాడు, రెండోవాడు రాసుకుంటాడు. దూరం కొంచెమే ఉండాలి. నిన్ననే నేర్చుకున్నవాడు ఈరోజు నేర్చుకునేవాడికి మనకంటే బాగా చెబుతాడు, ఎక్కడ తడబడ్డాడో వాడికి ఇంకా గుర్తుంది కాబట్టి.

8. వారం తర్వాత, నెల తర్వాత

ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని చిన్న చిన్న పదాలు తనంతట తనే బట్టీ పట్టి, ఎంత వేగంగా మర్చిపోతున్నాడో లెక్కేసుకుని 1885లో ప్రచురించాడు. మనం ఆ వక్రరేఖ గీసి మార్కులు తెచ్చుకున్నాం, దాని మందు మాత్రం వాడలేదు. మందు మళ్ళీ చదివించడం కాదు, పుస్తకం మూసి అడగడం. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత చూస్తే పరీక్ష రాసినవాళ్ళు ముందుకొచ్చారు. స్టడీ అవర్లో పిల్లలు పైకి చదువుతుంటే మనకి తృప్తిగా ఉండేది ఆ ఐదు నిమిషాల లెక్క వల్లే.

చేయాల్సింది చాలా కొంచెం. హాజరు వేసే లోపు బోర్డు మీద మూడు ప్రశ్నలు: ఒకటి నిన్నటిది, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది. మార్కుల్లేవు, రికార్డులో ఎక్కదు. రాసుకుని వాళ్ళే దిద్దుకుంటారు. ప్రశ్నలు ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసిపెట్టుకుంటే ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష పేపరు తయారీకి కూడా అదే పనికొస్తుంది.

వాట్సాప్ గ్రూపు ఉంటే రాత్రి ఎనిమిది తర్వాత పంపండి. పగలు ఫోను నాన్నతో పాటు పనికి పోతుంది. వీడియో లింకులు వద్దు, డేటా అయిపోతుంది. మీ గొంతుతో అరనిమిషం, ఒక ప్రశ్న. జవాబు మర్నాడు క్లాసులో. ఫోను లేని ఇళ్ళుంటాయి కాబట్టి దీన్ని ఎప్పుడూ హోంవర్క్ చేయకండి.

ఏఐ చాట్‌లు ఇక్కడ కొంత సాయం చేస్తాయి. 'శ్రేణి సంధానం మీద ఐదు ప్రశ్నలు, పిల్లలు సాధారణంగా చేసే తప్పులతో జవాబులు' అని అడిగితే చిత్తుప్రతి వస్తుంది. అంకెలు మీరు చేసి సరిచూసుకోవాలి, తెలుగు పారిభాషిక పదాలు మన పుస్తకంతో పోల్చుకోవాలి. పిల్లల పేర్లు, ఫొటోలు, మార్కులు దాంట్లో పెట్టకండి.

9. నలభై ఐదు నిమిషాల లెక్క

మూడు ప్రశ్నలకి ఐదు నిమిషాలు. బల్బుల ప్రయోగం పదిహేను, పంచడం, తిరిగి లెక్కపెట్టుకోవడం కలిపి. సిమ్యులేషన్ ఏడు నిమిషాలు, అంతకు మించొద్దు. ఓటు, వాదన, మళ్ళీ ఓటు పది. మీ వివరణ ఐదు. మిగిలిన మూడు నిమిషాల్లో మొదటిరోజు ప్రశ్ననే మళ్ళీ చిత్తు కాగితం మీద. సెంట్రింగ్ లెక్కలు మర్నాటికి. మొదటిసారి ఇది గంట పడుతుంది, కంగారుపడకండి. లెక్కల టీచర్ని బతిమాలి ఒక పది నిమిషాలు అప్పు తీసుకోండి, నేను అదే చేశాను.

ఆ చివరి కాగితాల్లో కూడా కాలువ జవాబు రెండు మూడు కనిపిస్తుంది. వాటిని పక్కన పెట్టి, మర్నాడు ఆ ప్రశ్నని క్లాసు మొత్తానికీ అడగండి, ఆ పిల్లలకి విడిగా కాదు.

ఇంకొక కాగితం కూడా రావొచ్చు. నాకు వచ్చింది. జవాబు సరిగ్గానే రాసి, కింద చిన్న అక్షరాలతో ఇలా ఉంది: 'సార్, కరెంటు తగ్గకుండా తిరిగి వెళ్ళిపోతే, మీటరు దేనికి బిల్లు వేస్తోంది?'

దానికి అప్పుడే జవాబు చెప్పకండి. తర్వాతి భాగం విద్యుత్ శక్తి, యూనిట్లు. రేపు బోర్డు మీద శీర్షిక బదులు ఆ ప్రశ్ననే రాసి మొదలుపెట్టండి.